క్రీడాకారులకు మనశ్శిక్షణ – గాయాల నివారణలో దాని పాత్ర

మన ఇళ్ళలో పిల్లలు ఆటలలో చేరితే వారి శరీరపోషణ గురించి పెద్దలు ఎంతో శ్రద్ధ తీసుకుంటారు. తెల్లవారకముందే లేచి పాలు కాచి ఇస్తారు, బాదంపప్పు నానబెడతారు, మంచి బూట్లు కొనిస్తారు. కాని ఆ శరీరాన్ని నడిపించే మనస్సుకు కూడ శిక్షణ అవసరమన్న సంగతి చాలామందికి తట్టదు. అభ్యాసంలో చక్కగా ఆడే పిల్లలు పోటీ రోజున తడబడడానికి, కాలు మెలికపడి నెలల తరబడి ఆటకు దూరం కావడానికి ఈ లోపం కూడ ఒక కారణం.

ఆయుర్వేద దృష్టి

మనోదోషాలకు జ్ఞానం, విజ్ఞానం, ధైర్యం, స్మృతి, సమాధి అనే అయిదింటిని చరకసంహిత చికిత్సగా చెప్పింది. ఇక్కడ సమాధి అంటే మనస్సును ఒకచోట నిలపడమని గ్రహించాలి. ధీ, ధృతి, స్మృతి అనే మూడూ చెదరినప్పుడు మానవుడు చేసే అపచారాన్ని 'ప్రజ్ఞాపరాధం' అన్నారు. మోకాలు నొప్పి పెడుతున్నదని తెలిసి కూడ, జట్టులో చోటు పోతుందన్న భయంతో ఆ సంగతి దాచి ఆడడం ప్రజ్ఞాపరాధమే.

బలవంతుడు సైతం శీతకాలంలోను, వసంతంలోను తన శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలనీ, తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించాలనీ వాగ్భటుడు అష్టాంగహృదయంలో విధించాడు. పోటీలకు సిద్ధమయ్యేవారికి ఈ హద్దు యథాతథంగా పాటించడం సాధ్యం కాదు. అయినా శరీరం చేసే హెచ్చరికను గుర్తించి ఆగగల నిగ్రహం వారికే ఎక్కువ అవసరం.

ఆందోళన గాయంగా మారే విధానం

మానసిక ఒత్తిడికీ, క్రీడాగాయాలకూ గల సంబంధాన్ని ఆండర్సన్, విలియమ్స్ అనే శాస్త్రజ్ఞులు 1988లో వివరించారు. ఒత్తిడి పెరిగినప్పుడు మూడు మార్పులు కలుగుతాయి. మొదటిది, అవసరం లేని కండరాలు కూడ బిగుసుకుంటాయి. అందువల్ల కదలికలో పొందిక తప్పుతుంది. రెండవది, చూపు పరిధి కుంచించుకుపోతుంది; కబడ్డీలో కూతకు వెళ్ళినవానికి పక్కనుంచి వచ్చే ప్రత్యర్థి ఆలస్యంగా కనబడతాడు. మూడవది, ధ్యాస ఆట మీదనుండి ఫలితం మీదికి మళ్ళుతుంది. ఈ మూడింటిలో ఏది జరిగినా ప్రమాదానికి అవకాశం పెరుగుతుంది.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ గాలిలో తిరుగుతుండగా తన శరీరం ఏ దిశలో ఉన్నదో తెలియని స్థితికి లోనైంది. రెండున్నర చుట్లు తిరగవలసినచోట ఒకటిన్నర చుట్టుతో నేలకు దిగి, జట్టు పోటీనుండి తప్పుకున్నది. ఆ స్థితిలో కొనసాగితే మెడకో, వెన్నెముకకో ప్రమాదం కలిగేది. విశ్రాంతి, మానసిక చికిత్సల తరువాత 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. సకాలంలో ఆగడం ఓటమి కాదని దీనివల్ల తెలుస్తున్నది.

సాధనా విధానం

1. దీర్ఘ నిశ్వాసం: వెన్ను నిటారుగా ఉంచి కూర్చోవాలి. నాలుగు లెక్కించేవరకు ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కించేవరకు మెల్లగా వదలాలి. శ్వాసను బిగబట్టరాదు. ఉదయం, సాయంత్రం అయిదేసి నిమిషాలు చేస్తే చాలు. నిశ్వాసం దీర్ఘమైనకొద్దీ గుండెవేగం నెమ్మదిస్తుంది.

2. కండరాల సడలింపు: ఈ పద్ధతిని అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జాకబ్సన్ రూపొందించి, 1929లో గ్రంథస్థం చేశాడు. రాత్రి పడుకున్నాక పాదాలతో మొదలుపెట్టి పిక్కలు, తొడలు, పొట్ట, చేతులు, భుజాలు, ముఖం వరుసగా బిగించి వదలాలి. అయిదు సెకన్లు బిగింపు, ఇరవై సెకన్లు సడలింపు. గాయమైన భాగాన్ని బిగించరాదు. దీనివల్ల బిగువు ఎక్కడున్నదో ఆటమధ్యలోనే పసిగట్టే నేర్పు అలవడుతుంది.

3. భావన: కళ్ళు మూసుకొని, చేయవలసిన కదలికను అసలు ఎంతసేపు పడుతుందో అంతసేపూ మనస్సులో చూడాలి. బంతి చప్పుడు, నేల స్పర్శ కూడ తలచుకోవాలి. పొరపాటు జరిగితే తేరుకొనే విధాన్ని కూడ భావించాలి. రోజుకు అయిదు నుండి పది నిమిషాలు చాలు. ఇది మైదానంలోని అభ్యాసానికి తోడే గాని, దానికి బదులు కాదు.

4. సంకేతపదం: "మోకాలు వంచు", "చూపు బంతి మీద" వంటి చిన్న మాటను ఎంచుకొని ప్రతిసారీ అదే అనుకోవాలి. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు వంచడం కీళ్ళకు రక్షణ.

5. దినచర్య పుస్తకం: నిద్ర, ఉత్సాహం, నొప్పి – ఈ మూడింటినీ రోజూ రాయాలి. నొప్పికి సున్నా నుండి పది వరకు అంకె వేయాలి. వరుసగా మూడు రోజులు ఆ అంకె పెరిగితే శిక్షకునికి తప్పక చెప్పాలి. అంకె ఒక్కసారిగా పెరిగితే అంతవరకు కూడ ఆగరాదు.

ఇంటివారు చేయవలసినవి

13 నుండి 18 ఏళ్ళ పిల్లలకు రాత్రి ఎనిమిది నుండి పది గంటల నిద్ర ఉండాలి. వారానికొకసారి గోరువెచ్చని నువ్వులనూనెతో అభ్యంగనం చేసి వేణ్ణీళ్ళ స్నానం చేయిస్తే శరీరం తేలికపడుతుంది. అయితే కొత్తగా వాచినచోట నూనె పెట్టి మర్దన చేయరాదు. గుడ్డలో చుట్టిన మంచుముక్కలను పదిహేను నిమిషాలు ఉంచాలి. కాలు మోపలేకపోయినా, కీలు వంకరగా కనబడినా వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. తలకు దెబ్బ తగిలితే ఆ రోజు మళ్ళీ ఆడనివ్వకుండా వైద్యునికి చూపించాలి.

గాయంతో ఇంట్లో ఉన్న కాలం కూడ సాధనాకాలమే. మన పుల్లెల గోపీచంద్ మోకాలికి శస్త్రచికిత్సలు జరిగిన తరువాతనే 2001లో ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ టైటిల్ గెలిచాడు. ఓర్పు, పట్టుదల లేనిదే ఇది సాధ్యమయ్యేది కాదు. కదలలేని రోజులలో శ్వాస, భావన సాధనలు కొనసాగించవచ్చు.

మనశ్శిక్షణ ఒక్కటే గాయాలన్నిటినీ ఆపలేదు. ఆటకు ముందు శరీరాన్ని వేడెక్కించుకోవడం, కండరబలం, సరైన మెళకువలు కూడ ఉండాలి. ఇక పెద్దలకు ఒక్క మనవి. బిడ్డ మైదానంనుండి రాగానే "గెలిచావా?" అని అడగడానికి ముందు "ఎక్కడైనా నొప్పిగా ఉన్నదా?" అని అడగండి. చెబితే తిట్లు పడవన్న నమ్మకం కలిగితే పిల్లలు నొప్పిని దాచుకోరు.