గ్రైండింగ్ తర్వాత కనబడని పగులు

ప్రశ్న: స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాంకు వెల్డింగును గ్రైండింగ్‌తో నున్నగా చేసి ఎర్ర డై కొట్టి చూశాం. ఒక్క గీతా రాలేదు. నెల తిరక్కుండానే అక్కడే కారింది. డై పాడైపోయిందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: డై కన్నా ముందు గ్రైండరును అనుమానించండి. డై లోపలికి ఇంకాలంటే పగులు నోరు పైకి తెరుచుకుని ఉండాలి. గ్రైండింగ్‌లో సాగిన లోహం ఆ నోటిని పూడ్చేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం వంటి సాగే లోహాలతో ఈ బెడద మరీ ఎక్కువ. వెల్డింగ్ చల్లారాక, గ్రైండరు తగలకముందే ఒకసారి పరీక్షించండి. గ్రైండింగ్ అయిపోయి ఉంటే, తగిన యాసిడ్‌తో పైపొర తీశాకే డై కొట్టాలి. అది అనుభవమున్నవాళ్ల పని.

పైన మిగిలిన డైని తుడిచే తీరూ చూసుకోండి. క్లీనర్‌ను నేరుగా వెల్డింగు మీదే స్ప్రే చేస్తే పగుల్లోని డై కూడా కడుక్కుపోతుంది. దాన్ని గుడ్డ మీద కొట్టుకుని తుడవాలి. తర్వాత, పగుల్లోని డైని పైకి లాగి చూపే తెల్ల డెవలపర్ పలచగా పడితే చాలు. సున్నం వేసినట్టు దట్టంగా కొడితే సన్నగీత కిందే ఉండిపోతుంది.

మామూలు డైలకు సాధారణంగా 5 నుంచి 52 డిగ్రీల సెల్సియస్ వరకే అనుమతి. మీ ఊరి మే నెల ఎండలో రేకు అంతకు మించి కాలొచ్చు, ఉదయాన్నే చెయ్యండి. లోపలే ఉండి పైకి తెరుచుకోని లోపాన్ని మాత్రం ఏ డై చూపించదు. దానికి అల్ట్రాసోనిక్ పరీక్షో, ఎక్స్‌రేనో కావాలి.