సేలెం వెళ్లేవాళ్లకు ఒక రైల్వే తాతయ్య మాటలు

సెప్టెంబరు ఆఖరునుంచి బోస్టన్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లకు చుట్టాల తాకిడి మొదలవుతుంది. ఆకులు రంగు మారడం చూడాలని వచ్చేవాళ్లు కొందరు, చలి ముదరకముందే పిల్లల్ని చూసి ఇండియా విమానం ఎక్కేద్దామనుకునేవాళ్లు కొందరు. అందరి నోటా వచ్చే కోరిక మాత్రం ఒకటే, "ఆ మంత్రగత్తెల ఊరు చూపించరూ?" అని. అదే సేలెం. తమిళనాడులోది కాదు, మసాచుసెట్స్‌లోది. బోస్టన్‌కు ఉత్తరాన 25 కిలోమీటర్ల దూరంలో, సముద్రం ఒడ్డున ఉంటుంది. ఊళ్లో ఉండే జనం 44 వేల పైచిలుకు. ఒక్క అక్టోబరులో వచ్చిపోయేవాళ్లు ఈ మధ్య పది లక్షలు దాటుతున్నారు. 1982లో ఒక్క వారాంతపు సరదాగా మొదలైన 'హాంటెడ్ హ్యాపెనింగ్స్' ఇప్పుడు నెల పొడుగునా సాగే జాతర.

నేను రైల్వేలో పనిచేసి రిటైరైనవాణ్ణి. టైంటేబుల్ కనబడితే వదలను. అందుకే మా అమ్మాయి ఇంటికి ఎవరొచ్చినా ఈ ప్రయాణం ఏర్పాట్లు నా నెత్తినే పడతాయి. ఇన్నాళ్లలో తెలిసొచ్చినవి ఇక్కడ రాస్తున్నాను.

1. ఏ సేలెం చూడ్డానికి వెళ్తున్నారో ముందు ఇంట్లోనే తేల్చుకోండి

అక్కడ రెండు ఊళ్లున్నాయి. ఒకటి వేషాలు, టోపీలు, దయ్యాల కొంపలు, జనమే జనం. రెండోది 1692లో ఇరవై మంది నిరపరాధుల్ని చంపుకున్న ఊరు. మనవలకు మొదటిది కావాలి, మా వయసువాళ్లకు రెండోది. రెండూ ఒకేసారి చూద్దామని మధ్యాహ్నం పన్నెండింటికి దిగితే రెండూ దక్కవు. పొద్దున్న తొమ్మిదీ పదింటికల్లా ఊళ్లో ఉండి చరిత్ర చూసెయ్యండి. మధ్యాహ్నం తర్వాత వేషాలు వాటంతటవే మీ చుట్టూ తిరుగుతాయి, వెతుక్కోనక్కర్లేదు.

2. తారీఖు తర్వాత, వారం ముందు

అక్టోబరులో శనివారం అంటే వద్దనేస్తాను. నెలలో రెండో సోమవారం సెలవు కలిసొచ్చే వారాంతం మరీ ఘోరం, ఆకులు చూసేవాళ్లూ దయ్యాలు చూసేవాళ్లూ కలిసి పడతారు. నెల మొదటి సగంలో మంగళ, బుధవారాలు ఉత్తమం. పిల్లల బడి ఒక్కరోజు మానిపించడానికి మా అల్లుడు ఒప్పుకోడు కానీ, నా ఓటు దానికే.

ఊళ్లోనే గది కావాలంటే ఉగాదినాటికే చూసుకోవాలి. దసరా సెలవులకు వస్తూ వస్తూ బుక్ చేస్తే దొరికేది ధర మాత్రమే, గది కాదు. బోస్టన్‌లోనో, పక్కనున్న డాన్వర్స్, పీబాడీ ఊళ్లలోనో దిగడం మేలు. పేరున్న మ్యూజియాలకు ఇన్ని గంటలకని టైము వేసిన టికెట్లుంటాయి. "అక్కడికెళ్లి చూద్దాంలే" అనే మాట అక్టోబరులో పనిచెయ్యదు.

3. కారు ఇంట్లో పెట్టండి

ఇది రైల్వేవాడి పక్షపాతం అనుకుంటే అనుకోండి. వారాంతాల్లో ఊరి పార్కింగులు పొద్దున్నే నిండిపోతాయి. నడిబొడ్డున కొన్ని రోడ్లు మూసేస్తారు. చివరి రెండు మైళ్లకు పట్టే సేపట్లో రైలు బోస్టన్‌నుంచి వచ్చేస్తుంది.

నార్త్ స్టేషన్‌లో న్యూబరీపోర్ట్–రాక్‌పోర్ట్ లైను బండి ఎక్కితే అరగంట ప్రయాణం. పదకొండేళ్లలోపు పిల్లలకు పెద్దవాళ్లతో ఉంటే టికెట్ లేదు. శని, ఆదివారాల్లో ఎన్నిసార్లయినా ఎక్కి దిగేందుకు పది డాలర్ల పాసు ఒకటుంది. అడిగి మరీ తీసుకోండి.

మనవాళ్లు తప్పే చోటు ఒకటుంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే యాష్‌ల్యాండ్, వెస్ట్‌బరో వైపునుంచి వచ్చే వూస్టర్ లైను బండి సౌత్ స్టేషన్‌కు పోతుంది. సేలెం బండి నార్త్ స్టేషన్‌లో ఉంటుంది. ఇంత పెద్ద నగరంలో ఈ రెండు స్టేషన్లనూ నేరుగా కలిపే పెద్ద రైలు పట్టాలు లేవు! నా సర్వీసులో ఇలాంటిది చూళ్లేదు. కాబట్టి సౌత్ స్టేషన్ దాకా పోకుండా దానికి ముందే బ్యాక్ బేలో దిగి, అక్కడే ఆరెంజ్ లైను మెట్రో ఎక్కి, నార్త్ స్టేషన్‌లో దిగండి. మధ్యలో కనీసం ఇరవై, ముప్పై నిమిషాలు చేతిలో ఉంచుకోండి. మోకాళ్ల నొప్పులవాళ్లుంటే ఇంకో పది.

సేలెం రాబోతోందనగా బండి సొరంగంలో దూరుతుంది. ఊరి ప్రధాన వీధి కిందుగా 1839లో తవ్విన సొరంగం అది. బయటపడగానే స్టేషను, అక్కడినుంచి పది నిమిషాల నడక. పిల్లలు కేకలేస్తారు, వెయ్యనివ్వండి.

అక్టోబరు చివరిదాకా బోస్టన్ రేవునుంచి పడవ కూడా నడుస్తుంది, గంట లోపే. ఎండ కాస్తున్న రోజైతే పోతూ పడవ, వస్తూ రైలు పెట్టుకోండి.

4. అన్నిటికన్నా ముందు ఆ రాతి గోడ దగ్గరికి

చార్టర్ స్ట్రీట్‌లో 1637నాటి శ్మశానం ఉంది. దాన్ని ఆనుకుని 1992లో, విచారణలు జరిగి మూడొందల ఏళ్లయిన సందర్భంగా కట్టిన స్మారకం ఉంది. టికెట్ లేదు. మూడువైపులా నడుమెత్తు రాతి గోడ, గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన ఇరవై రాతి పలకలు. ఒక్కో పలక మీద ఒక పేరు, ఎలా చంపారో, ఏ రోజు చంపారో, అంతే. లోపలికి అడుగుపెట్టే చోట ఒకసారి కిందికి చూడండి. తాము నిర్దోషులమని ఆనాడు వాళ్లు మొత్తుకున్న మాటలు నేలరాళ్ల మీద చెక్కి ఉంటాయి. కొన్ని వాక్యాలు సగంలోనే గోడ కిందికి పోయి ఆగిపోతాయి. కావాలనే అలా చెక్కారు.

జరిగింది క్లుప్తంగా ఇది. 1692 మొదట్లో సేలెం విలేజ్‌లో, అంటే ఈనాటి డాన్వర్స్‌లో, పాస్టరు ఇంట్లో ఆడపిల్లలు వింతగా ప్రవర్తించడం మొదలుపెట్టారు. ఎవరో చేతబడి చేశారన్నారు. ఉత్తరాన సరిహద్దులో యుద్ధభయం, ఊళ్లో పాత కక్షలు, పొలం గట్ల తగాదాలు ఎలాగూ ఉన్నాయి. నూట యాభై మందికి పైగా నిందితులయ్యారు. "ఫలానావిడ ఆత్మ వచ్చి నన్ను గిచ్చింది" అంటే కోర్టు దాన్ని సాక్ష్యంగా రాసుకుంది. పందొమ్మిది మందిని ఉరితీశారు. ఎనభై ఏళ్ల గైల్స్ కోరీ కోర్టుకు జవాబు చెప్పడానికి ఒప్పుకోకపోతే మీద బండలు పేర్చి చంపారు. జైల్లో పోయినవాళ్లు వేరే. నాలుగైదేళ్ల డొరతీ గుడ్ అనే పిల్లనూ గొలుసులు వేసి కూర్చోబెట్టారు. మనవాళ్లు చాలామంది అనుకున్నట్టు ఇక్కడ ఎవర్నీ కాల్చలేదు. నేరం ఒప్పుకున్నవాళ్లు బతికారు, ఒప్పుకోనివాళ్లు ఉరికంబం ఎక్కారు.

పలకల్లో నేను ఆగేది రెబెకా నర్స్ పేరు దగ్గర. 71 ఏళ్ల పెద్దావిడ. ఊళ్లో మంచి పేరు, ఆవిడ తరఫున ఇరుగుపొరుగు సంతకాలు చేసి అర్జీ కూడా ఇచ్చారు. జూరీ మొదట నిర్దోషి అనే తేల్చింది. జడ్జి మరోసారి ఆలోచించుకోమన్నాడు. అప్పుడు జూరీవాళ్లు ఆవిణ్ణి ఒక ప్రశ్న అడిగారు. ఆవిడకు చెవుడు, ఆపైన దుఃఖం. వినబడలేదు. జవాబు రాలేదు. అదే నేరానికి రుజువైంది, జూలై 19న ఉరితీశారు. చెవికి మిషను పెట్టుకుని తిరిగే వయసులో ఈ కథ చదివితే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. ఆనాటి జడ్జీల్లో ఒకడైన జాన్ హేథార్న్ సమాధి అదే శ్మశానంలో, పేరు చెక్కిన రాయితో ఉంది. ఉరితీసినవాళ్లలో ఒక్కరికీ అక్కడ సమాధి లేదు. వాళ్లను ఏ చోట ఉరితీశారో కచ్చితంగా తేల్చి ప్రకటించింది కూడా 2016లోనే. ప్రాక్టర్స్ లెడ్జ్ అంటారు. ఒక మందుల షాపు వెనక, ఇళ్ల మధ్య చిన్న గుట్ట. కిందుగా పందొమ్మిది పేర్ల గోడ, మధ్యలో ఒక ఓక్ చెట్టు. ఊరి నడిబొడ్డునుంచి కాస్త నడవాలి, అందుకని అక్టోబరులోనూ అక్కడ జనం ఉండరు.

చార్టర్ స్ట్రీట్ స్మారకంలో పలకల మీద కూర్చుని డోనట్లు తినేవాళ్లను ఏటా చూస్తాను. మనం ఆ పని చెయ్యొద్దు. అమెరికావాళ్ల పాత మూఢత్వం చూడ్డానికొచ్చామన్న ధీమా కూడా వద్దు. చేతబడి చేశారని, బాణామతి చేశారని మనిషిని చెట్టుకు కట్టి కొట్టిన వార్త మన పేపర్లలో ఇప్పటికీ వస్తూనే ఉంది. బిహార్‌లో ఇందుకోసమే 1999లో చట్టం తెచ్చారు.

5. 'విచ్' అని బోర్డున్నవన్నీ పాతవి కావు

విచారణలతో నేరుగా సంబంధం ఉండి ఇంకా నిలబడి ఉన్న ఇల్లు ఊరంతటికీ ఒక్కటే, జడ్జి జోనథన్ కార్విన్ ఇల్లు. విచ్ హౌస్ అంటారు. నల్లటి చెక్క ఇల్లు, లోపల ఇరుకు. విచ్ మ్యూజియం వేరు. అది పాత చర్చి భవనంలో బొమ్మలు పెట్టి, దీపాలు వేసి కథ చెప్పే ప్రదర్శన. ఆనాటి వస్తువులుంటాయని వెళ్లకండి. దాని ఎదురుగా టోపీ, పొడవాటి అంగీతో కంచు విగ్రహం ఒకటుంది. అది మంత్రగాడిదని అందరూ ఫోటోలు దిగుతుంటారు. ఆయన రోజర్ కోనంట్, 1626లో ఈ ఊరికి పునాది వేసినాయన.

6. పులిహోర, శాలువా, బాత్రూము

ఈ మూడూ మా ఆవిడ పాఠాలు. హోటళ్ల ముందు గంటల తరబడి వరస. శాకాహారులకు ఆ వరస చివర దొరికేది మహా అయితే చీజ్ పిజ్జా. పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టుకుంటే సేలెం కామన్ అనే పెద్ద మైదానంలో బెంచీల మీద కూర్చుని తినొచ్చు. పెరుగన్నం చలికి గడ్డకడుతుందని ఆవిడ వద్దంటుంది.

ఎండ ఉందని మోసపోకండి. నెలాఖరుకు సాయంత్రం ఆరు కాకముందే పొద్దు కుంకుతుంది, సముద్రపు గాలి ఎముకల్లోకి పోతుంది. చీర మీదికి స్వెటరు చాలదు, గాలి ఆపే కోటు కావాలి. చెప్పులొద్దు, బూట్లు వేయించండి. పాత ఇటుకల కాలిబాటలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. బాత్రూములకూ వరసే. మ్యూజియంలోకి వెళ్లినప్పుడల్లా, అవసరం ఉన్నా లేకపోయినా, పెద్దవాళ్లను ఒకసారి వెళ్లి రమ్మనండి.

7. పీబాడీ ఎసెక్స్ మ్యూజియం వదలొద్దు

చుట్టాలు పెదవి విరిచేది దీనికే, బయటికొచ్చాక ఎక్కువ మాట్లాడేదీ దీని గురించే. మంత్రగత్తెల పేరు రాకముందు సేలెంకు మిరియాల పేరుండేది. ఇక్కడి ఓడలు సుమత్రా పోయి మిరియాలు, కలకత్తా, మద్రాసు రేవులకు పోయి నూలు బట్టలు తెచ్చేవి. 1796లో అమెరికా నేలమీద కాలుపెట్టిన మొదటి ఏనుగును కలకత్తానుంచి తెచ్చింది సేలెం కెప్టెన్ జేకబ్ క్రౌనిన్‌షీల్డే. 1799లో ఇక్కడి కెప్టెన్లు ఒక సంఘం పెట్టుకున్నారు. గుడ్ హోప్ అగ్రమో, హార్న్ అగ్రమో చుట్టివస్తేగాని అందులో సభ్యత్వం లేదు. వాళ్లు పోగుచేసిన వింత వస్తువులే ఈ మ్యూజియానికి మూలం. హెర్విట్జ్ దంపతులు సేకరించిన ఆధునిక భారతీయ చిత్రాలు, హుసేన్ బొమ్మలతో సహా, దీని దగ్గరే ఉన్నాయి. చైనానుంచి పలకా దూలమూ విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన పాత ఇల్లు ఒకటి ఉంది, అది చూడ్డానికి టైము వేరే అడగాలి.

లోపల వెచ్చగా ఉంటుంది, కూర్చోడానికి బెంచీలుంటాయి. పిల్లలు వేషాలు చూసుకుంటూ తిరిగే రెండు గంటలూ పెద్దవాళ్లను ఇక్కడ వదిలెయ్యొచ్చు.

8. చిల్లర నోట్లు జేబులో పెట్టుకోండి

ఎసెక్స్ వీధిలో రాక్షసుల్లా, శవాల్లా వేషాలు కట్టి నిలబడేవాళ్లకు అదే ఆ నెల సంపాదన. పక్కన నిలబడి ఫోటో దిగితే డాలరో రెండో పెట్టాలి. పెట్టకుండా జారుకునే మనవాళ్లను చూస్తే నాకు తలవంపులుగా ఉంటుంది. టారో కార్డులు చూసేవాళ్లు ఊరి లైసెన్సుతో కూర్చుంటారు. డబ్బు మిగిలితే మీ ఇష్టం, మన చిలక జోస్యానికీ దానికీ నాకు తేడా తెలీలేదు, చిలక మాత్రం లేదు. కానీ నల్లబట్టలేసుకున్న ప్రతివాళ్లదీ వేషం కాదు. విక్కా అని ఒక మతం పాటించేవాళ్లు 1970లనుంచీ ఇక్కడ స్థిరపడి ఉన్నారు. వాళ్ల ముందు వెక్కిరింతలు వద్దు.

9. చిన్నపిల్లలకు దయ్యాల కొంప వద్దు, కథ చెప్పండి

ఆరేళ్లలోపువాళ్లు చీకటి గదిలో ఒకసారి జడుసుకుంటే నెల్లాళ్లు అమ్మ పక్కనే పడుకుంటారు. పెద్దపిల్లలకు ఎలిజబెత్ జాన్సన్ కథ చెప్పండి. ఆమెకు శిక్ష వేశారు కానీ ఉరి తప్పింది. తర్వాత అందరి పేర్లూ నిర్దోషుల జాబితాలో చేరినా ఆమె పేరు మాత్రం ఉండిపోయింది. నార్త్ ఆండోవర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు, వాళ్ల టీచరు పట్టుబట్టి శాసనసభ దాకా తీసుకెళ్తే 2022లో ఆ పేరు కడిగారు. హోంవర్కు చెయ్యనని మారాం చేసే మా మనవడు ఆ కథ మాత్రం నోరెత్తకుండా విన్నాడు.

10. చరిత్ర ఒక్కటే చాలనుకుంటే నవంబరు

నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, నాలుగున్నరకే చీకటి. పడవ ఉండదు, వారం మధ్యలో కొన్ని దుకాణాలు మూసుంటాయి. కానీ రాతి గోడ, మ్యూజియం, మిరియాల ఓడలు కట్టిన రేవు ఎక్కడికీ పోవు. కారుకూ చోటు దొరుకుతుంది. ఇదంతా మా వియ్యంకుడుగారికి ఫోన్లో వివరంగా చెప్పాను. ఆయన అంతా విని, 31వ తారీఖే కావాలన్నారు. నల్ల టోపీ కూడా కొనేశారట, ఆయనకొకటి, వదినగారికొకటి. సరే, ఆ రోజు రాత్రి తిరుగు బండ్లు ఎన్నింటికో చూస్తున్నాను.