కాలివేళ్ళ మీద నిలబడాలంటే

పోయిన నెల నేను పది రోజులు కుంటుకుంటూ తిరగడం మీరంతా చూశారు. మెట్ల మీద జారిపడ్డానని చెప్పాను. అది అబద్ధం. అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను, నవ్వకండి.

మన లైబ్రరీలో ఒక పాత పుస్తకంలో బ్యాలే నర్తకి ఫొటో ఉంది. బ్యాలే అంటే ఐరోపా దేశాల నాట్యం. ఆమె పేరు అన్నా పావ్లోవా. 1881లో రష్యాలో పుట్టింది. ఒంటికాలి వేళ్ళ కొనల మీద నిలబడి ఉంది. మోకాలి నుంచి బొటనవేలి దాకా గీత గీసినట్టే ఉంది. నాకూ అలా రావాలనిపించింది. రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఎడమ పాదాన్ని ట్రంకుపెట్టె కింద దూర్చి, వేళ్ళు నేల వైపు వంగేలా బలంగా నొక్కేదాన్ని. నాలుగో రోజుకి మడమ వెనకాల సూదులు గుచ్చినట్టు నొప్పి. పి.ఇ.టి. మాస్టారు తిట్టలేదు గానీ, కూర్చోబెట్టి పాఠం చెప్పారు. కొంత నేను పుస్తకాల్లో చూసి కలిపాను.

పాదంలో 26 ఎముకలున్నాయి. మామూలుగా చీలమండ నేల వైపు 50 డిగ్రీల దాకా వాలుతుంది. వేళ్ళ కొనల మీద నిలబడాలంటే చీలమండా, పాదం మధ్య కీళ్ళూ కలిసి దాదాపు 90 డిగ్రీలు రావాలి. అది అందరికీ రాదు. పాదం బాగా వాలినప్పుడు వెనకాల ఒక ఎముక మడమ ఎముకకి తగిలి ఆగిపోతుంది. ఇంకా నొక్కితే మధ్యలో ఉన్న మెత్తటి భాగం నలుగుతుంది. "తలుపు వెనక రాయి అడ్డం ఉంటే, ఎంత తోస్తే ఏం లాభం? బందులు ఊడతాయమ్మా" అన్నారు మాస్టారు.

అందుకని ముందు బలం, తర్వాతే వంపు. పాత సైకిల్ ట్యూబు ముక్క తీసుకోండి. కాళ్ళు చాపి కూర్చుని, దాన్ని అరికాలి ముందు భాగానికి వేసి, రెండు కొసలూ చేతులతో పట్టుకోండి. ముందు చీలమండ, తర్వాత వేళ్ళు మెల్లగా చాపాలి. వెనక్కి తెచ్చేటప్పుడు ముందు వేళ్ళు, తర్వాత చీలమండ. వేళ్ళు కొక్కెంలా ముడుచుకోకూడదు. పాదం లోపలికి తిరగకూడదు. అలా తిరిగిన పాదాన్ని బ్యాలే వాళ్ళు కొడవలి పాదం అంటారట. కాలు బెణికేది ఎక్కువగా అలా తిరిగినప్పుడే.

ఇంకొకటి, మెట్టు అంచు మీద నిలబడి మడమలు లేపి దించడం. ఒంటికాలి మీద ఆగకుండా 20 సార్లు లేవలేకపోతే ఆ బూట్ల జోలికి పోకపోవడమే మంచిది. నాకు 12 వచ్చాయి.

పిక్కల్ని సాగదీయడానికి గోడకి చేతులానించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా ముందుకి వంగాలి. వెనక మోకాలు నిటారుగా ఉంచి 30 సెకన్లు, కొంచెం వంచి మరో 30 సెకన్లు. రెండుసార్లెందుకంటే, పిక్కలో పై కండరం మోకాలిని దాటి పైకి పోతుంది, లోపలిది దాటదు. ఇది ఆట అయ్యాక, ఒళ్ళు వేడిగా ఉన్నప్పుడు చెయ్యాలి. లాగినట్టుంటే ఫర్వాలేదు, గుచ్చినట్టుంటే వెంటనే ఆపాలి.

నాకు తెలియని అసలు రహస్యం బూటులో ఉంది. దాని కొన గుడ్డ, కాగితం, జిగురు పొరలతో గట్టిగా చేస్తారు. వేళ్ళకి ఆసరా అదే. పావ్లోవా పాదం వంపు చాలా ఎక్కువట, అందుకని ఆమె తన బూట్లలో గట్టి తోలు ముక్క కూడా పెట్టుకునేది. నేనేమో ఉత్త కాలితో బయల్దేరాను! పైగా పదకొండు, పన్నెండేళ్ళు వచ్చి, కొన్నేళ్ళు నేర్చుకున్న తర్వాతే ఆ బూట్లు ఇస్తారు.

మీ చీలమండ ఎంత వంగుతుందో చూసుకోవాలంటే గోడ ముందు నిలబడి, మడమ లేపకుండా మోకాలు గోడకి ఆనించండి. బొటనవేలికీ గోడకీ మధ్య దూరం స్కేలుతో కొలవండి. నా కుడికాలికి 11 సెంటీమీటర్లు వచ్చింది, ఎడమకాలికి 7. మొన్న ఆదివారం ఎడమది 8 అయ్యింది.

ట్యూబు ముక్కలు మాస్టారి దగ్గర ఇంకా నాలుగు ఉన్నాయి. కావలసినవాళ్ళు ఆటల పీరియడ్‌లో అడగండి. ట్రంకుపెట్టె మాత్రం నేను ఎవరికీ ఇవ్వను.

— 9వ తరగతి విద్యార్థిని