చేతిపనిని బట్టి పేరు: ఎస్పెరాంటోలో వంటవారి మాటలు

ఎస్పెరాంటో మాట్లాడే కొత్తవాళ్లతో పరిచయం మొదలైతే రెండోమూడో ప్రశ్నకే ‘మీరేం చేస్తుంటారు?’ అని వస్తుంది. హోటల్లోనో బేకరీలోనో పనిచేసేవారికి వెంటనే తమ ఇంగ్లీషు హోదా గుర్తొచ్చి, దానికి సరిపోయే మాట నిఘంటువులో వెతకాలనిపిస్తుంది. అలా వెతకొద్దు. మీ చేతులు చేసే పనికి క్రియ ఏమిటో ముందు తెలుసుకోండి. మిగతాది భాషే కట్టిపెడుతుంది.

1887లో జామెన్‌హాఫ్ తాను రూపొందించిన ఈ భాషను వార్సాలో వెలువరించినప్పటి నుంచీ దీని బలమంతా చిన్న చిన్న ప్రత్యయాల్లోనే ఉంది. ‘కుయిరి’ అంటే వండటం. వృత్తిని చెప్పే ‘ఇస్త్’ చేరిస్తే ‘కుయిరిస్తో’, వంట వృత్తిగా ఉన్న మనిషి. చోటును చెప్పే ‘ఏయ్’ చేరిస్తే ‘కుయిరేయో’, వంటగది. పెద్దను చెప్పే ‘ఎస్త్ర్’ చేరిస్తే ‘కుయిరెస్త్రో’, వంటశాలకు పెద్ద. ఇంట్లో ఈ పూట పొయ్యి దగ్గర నిలబడ్డవారు మాత్రం ‘కుయిరాంతో’, అంటే ఇప్పుడు వండుతున్నవారు. జీతానికి వండే మనిషి తనను ‘కుయిరాంతో’ అని చెప్పుకుంటే ఏళ్ల అనుభవం ఆ ఒక్క పూటకు కుంచించుకుపోతుంది. కాబట్టి ‘ఇస్త్’ను వదలకండి.

ఇంగ్లీషు అలవాటు ఎక్కువగా తప్పుదారి పట్టించేది ‘బేకర్’ లాంటి మాటల దగ్గర. ఎస్పెరాంటోలో ‘ఎర్’ అంటే చేసేవాడు కాదు, చిన్న రేణువు. ‘పానో’ రొట్టె, ‘పనేరో’ రొట్టె తునక. అందుకే బేకరీ పనివారు ‘బకిస్తో’ అనాలి, ‘బకేరో’ అనకూడదు. దీనికి ఎదురుగా కనిపించే మాట ‘కెల్నేరో’, అంటే వడ్డించే మనిషి. ఇది జర్మన్ నుంచి వచ్చిన ధాతువు. అందులోని ‘ఎర్’ ప్రత్యయం కాదు, ధాతువులో భాగమే. దానికి ‘ఇస్త్’ తగిలించే పని లేదు.

కాఫీ చేసేవారు తమను పిలిచే ‘బరిస్తా’ అనే మాటను చూసి ‘బరిస్తో’ అని రాస్తే చిక్కే. ‘బరి’ అంటే అడ్డగించడం కనుక, వినేవారికి దారికి అడ్డుపడటమే మీ వృత్తి అన్నట్టు తోచవచ్చు. ‘కఫోఫరిస్తో’ అంటే కాఫీ చేయడమే పని అని ఎవరికైనా తెలుస్తుంది.

మాంసం, చేపల వ్యాపారంలో కాస్త ఆగి ఆలోచించాలి. ‘బుచి’ అంటే జంతువును కోయడం, కాబట్టి ‘బుచిస్తో’ కోసేవారు. మాంసం అమ్మడమే మీ పనైతే ‘వియందిస్తో’ అనండి. చేపలు పట్టేవారు ‘ఫిష్‌కప్తిస్తో’, అమ్మేవారు ‘ఫిష్‌వెందిస్తో’. మన ‘పాలవాడు’ మాటలో ఆవును పితికేవాడూ ఇంటికి పోసేవాడూ కలిసిపోయినట్టే ‘లక్తిస్తో’లోనూ కలిసిపోవచ్చు. అక్కడ ‘అమ్మడం’ అనే ధాతువును మధ్యలో పెట్టి ‘లక్త్‌వెందిస్తో’ అంటే తేడా తెలుస్తుంది.

గిన్నెలు కడిగేవారికి కూడా ‘తెలేర్‌లవిస్తో’ అనే పూర్తి వృత్తి పేరుంది. అందులోనూ వంటపెద్ద పేరులో ఉన్నంత గౌరవమే ఉందని నాకు అనిపిస్తుంది. దాన్ని దాచుకుని ‘హోటల్లో పని’ అని సరిపెట్టుకోకండి.

టిఫిన్ సెంటర్ నడిపేవారికి సరైన ఒక్క మాట కోసం తంటాలు అక్కర్లేదు. ఉదయపు భోజనం, చోటు కలిపి ‘మతెన్‌మంజేయో’ అవుతుంది. ‘మి హవాస్ మతెన్‌మంజేయోన్’ అంటే ‘నాకు టిఫిన్ హోటల్ ఉంది’ అని. అక్కడ ఏం పెడతారని అడిగితే ఇడ్లీని ఇడ్లీగానే పలికి, బియ్యానికి ‘రీజో’, ఆవిరికి ‘వపోరో’ అనే రెండు మాటలు జోడించి, అదెలా ఉడుకుతుందో ఒక వాక్యంలో చెప్పండి.