కొత్త సిమ్ మన మత్తిగిరిలో ఎలా పనిచేస్తుంది? మనమే పరీక్షించి చూద్దాం

కొత్త ఇంటర్నెట్ సర్వీసు ఎలా ఉందని మత్తిగిరిలో నలుగుర్ని అడిగితే నాలుగు రకాలుగా చెబుతారు. కూట్ రోడ్డు దగ్గరుండే ఆయన "సూపర్‌గా ఉంది" అంటాడు. లోపలి వీధిలో ఉండే అక్క "తిరుగుతూనే ఉంటుంది, తీసుకోవద్దు" అంటుంది. ఇద్దరి మాటా నిజమే. ఎవరి ఫోను వాళ్లది, ఎవరింటి గోడలు వాళ్లవి, ఎవరికి అందే టవరు వాళ్లది. అందుకని ఉన్న నంబరును కొత్త కంపెనీకి మార్చేసుకునే ముందు, విడిగా ఒక సిమ్ కొని, మన ఇంట్లో, మన దారిలో, మన పనులకే వాడి చూద్దాం. ఇదివరకు ఎప్పుడూ చేయకపోయినా పరవాలేదు. ఒక్కొక్కటే కలిసి చేద్దాం.

ఇలాంటి పరీక్షకు వీలైన రోజులు అప్పుడప్పుడూ వస్తూనే ఉన్నాయి. 2016 సెప్టెంబరు 5న జియో మొదలైనప్పుడు ఆ ఏడాది చివరిదాకా ఉచితమన్నారు, ఆ తర్వాత 2017 మార్చి 31 దాకా పొడిగించారు. 2022 అక్టోబరు 1న దేశంలో 5జీ మొదలైంది. 2025 ఆగస్టులో బీఎస్‌ఎన్‌ఎల్ కొత్తగా చేరేవాళ్లకు ఒక్క రూపాయికి 30 రోజుల పాటు రోజుకు 2 జీబీ డేటా, కాల్స్ ఇచ్చింది. మరుసటి నెల 27న ఆ సంస్థ స్వదేశీ 4జీ నెట్‌వర్క్‌ను ఒడిశాలోని ఝార్సుగుడలో ప్రధాని ప్రారంభించారు. చవగ్గా వచ్చిందని సిమ్ తీసుకుని, రెండు రోజులు యూట్యూబ్ చూసి, "బాగుంది" అనో "బాగాలేదు" అనో తేల్చేయడం మన అలవాటు. అలా తేల్చిన మాట పక్కింటివాళ్లకు పనికిరాదు, చాలాసార్లు మనకే పనికిరాదు.

మత్తిగిరిలో ఇంకో చిక్కుంది. మనం తమిళనాడు టెలికాం సర్కిల్‌లో ఉన్నాం, కొద్ది కిలోమీటర్ల అవతల ఆనేకల్ వైపు కర్ణాటక సర్కిల్. ఫోనుకు రాష్ట్రాల హద్దు తెలియదు, ఏ టవరు గట్టిగా అందితే దాన్ని పట్టుకుంటుంది. పైగా ఊరికి ఒకవైపు హోసూరు జనమంతా కిక్కిరిసి ఉంటే, ఇంకోవైపు 1824లో సైన్యం గుర్రాల కోసం మొదలైన పశువుల ఫారం 1,600 ఎకరాలకు పైగా ఖాళీగా పరుచుకుని ఉంది. జనం లేనిచోట టవరు పెట్టాలని ఏ కంపెనీకీ తొందర ఉండదు.

కావలసినవి

- రెండు సిమ్‌లు పట్టే ఫోను. పాత సిమ్ దాంట్లోనే ఉండాలి, తీయకూడదు.
- కొత్త సిమ్, దానికి నెల రోజుల చిన్న రీఛార్జి. సిమ్‌కు ఆధార్, వేలిముద్ర అడుగుతారు. ఒకరి పేరు మీద తొమ్మిది సిమ్‌లకు మించి ఉండకూడదు. ఇప్పటికే ఎన్ని ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు.
- వేగం కొలిచే యాప్ ఒకటి. ట్రాయ్ వారి మైస్పీడ్ కానీ, ఊక్లా స్పీడ్‌టెస్ట్ కానీ చాలు.
- ఒక నోటు పుస్తకం, పెన్ను. యాప్‌లోనే లెక్కలన్నీ ఉంటాయి కదా అనిపిస్తుంది. కానీ "వంటింట్లో, తలుపు వేసి ఉంది, కరెంటు లేదు" అని యాప్ రాసుకోదు.

సిమ్ కొనకముందే ఫోను సంగతి చూసుకుందాం. కొన్ని సర్వీసులు 700 మెగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. ఆ తరంగం గోడలు దాటి లోపలికి బాగా వస్తుంది. అయితే ఫోనులో బ్యాండ్ 28 ఉంటేనే అది మనకు అందుతుంది, పాత ఫోన్లు చాలావాటిలో ఆ బ్యాండ్ లేదు. ఫోను మోడల్ పేరు కొట్టి వెతికితే బ్యాండ్ల జాబితా దొరుకుతుంది. ఇది చూడకుండా కంపెనీని తిట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను.

పద్ధతి

1. కొత్త సిమ్ వేసి ఫోనును ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేద్దాం. సిగ్నల్ గీతలు వచ్చినా ఇంటర్నెట్ రాకపోతే సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్‌కు వెళ్లి ఏపీఎన్ (ఫోనును ఇంటర్నెట్‌కు కలిపే పేరు) చూడాలి. బీఎస్‌ఎన్‌ఎల్ అయితే బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్, జియో అయితే జియోనెట్ అని, ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి.

2. అక్కడే డేటాకు కొత్త సిమ్‌ను ఎంచుకుందాం. ఇక్కడ తొందరపడొద్దు. చాలా ఫోన్లలో "ఆటో డేటా స్విచింగ్" అని ఒక మీట ఉంటుంది. కొత్త సిమ్ నీరసించగానే ఫోను చప్పుడు చేయకుండా పాత సిమ్ డేటాకు మారిపోతుంది. మనమేమో కొత్త సిమ్ భలే ఉందని మురిసిపోతాం. ఆ మీటను తప్పకుండా ఆపేయాలి. వైఫై, వీపీఎన్, డేటా సేవర్, బ్యాటరీ సేవర్ కూడా ఆపేద్దాం.

3. డేటా రోమింగ్ మాత్రం ఆన్‌లో ఉంచాలి. ఇది మన సరిహద్దు ఊళ్లవాళ్లకు ముఖ్యం. ఫోను కర్ణాటక టవరును పట్టుకున్నప్పుడు ఈ మీట ఆఫ్‌లో ఉంటే గీతలు నిండుగా ఉన్నా ఇంటర్నెట్ ఆగిపోవచ్చు. ఇప్పటి అన్‌లిమిటెడ్ ప్యాకుల్లో దేశం లోపల రోమింగ్‌కు విడిగా డబ్బు పోదు. భయపడక్కర్లేదు. విదేశాలకు వెళ్లేటప్పుడు ఆపుకోవాలి, అంతే.

4. ఇప్పుడు సిగ్నల్ బలం చూద్దాం. గీతలను నమ్మొద్దు, ఒక్కో ఫోను ఒక్కోలా గీస్తుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళితే సిగ్నల్ స్ట్రెంగ్త్ అని మైనస్ గుర్తుతో ఒక అంకె కనిపిస్తుంది. మైనస్ 85 అంటే బాగుంది. మైనస్ 100 దగ్గరుంటే సర్దుకోవచ్చు. మైనస్ 115 అంటే అందీ అందనట్టే. మైనస్ తర్వాతి అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గుతుంది, తిరగేసి చదవొద్దు. ఈ అంకెను హాల్లో, వంటింట్లో, పిల్లలు చదువుకునే గదిలో, మేడ మీద వేర్వేరుగా రాసుకుందాం. రాతి గోడలున్న పాత ఇళ్లలోనూ, రేకుల కప్పు కింద కూడా ఇది బాగా పడిపోతుంది.

5. తర్వాత స్పీడ్‌టెస్ట్. నొక్కగానే మూడు అంకెలు వస్తాయి. అందరూ మొదటిదాన్ని, అంటే డౌన్‌లోడ్‌ను చూసి స్క్రీన్‌షాట్ తీసి పంపుకుంటారు. నన్నడిగితే మూడింటిలో మన రోజువారీ పనికి తక్కువ తేడా చేసేది అదే. ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబిట్లు, ఫైళ్ల సైజు మాత్రం మెగాబైట్లలో ఉంటుంది, 8 బిట్లు ఒక బైటు. కాబట్టి 40 ఎంబీపీఎస్ వస్తే 100 ఎంబీ ఫైలు 20 సెకన్లలో దిగుతుంది. అది చాలు. అక్కడ 40 బదులు 200 వచ్చినా వీడియో చూసేవాళ్లకు పెద్దగా తెలియదు.

   రెండో అంకె అప్‌లోడ్. ఫంక్షన్ వీడియో వాట్సాప్‌లో చుట్టాలకు పంపాలన్నా, గులాబీ తోట ఫొటోలు బేరగాడికి చూపాలన్నా పని చేసేది ఇదే. 16 ఎంబీ వీడియో 1 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌లో వెళ్లాలంటే రెండు నిమిషాల పైన పడుతుంది, 8 ఉంటే 16 సెకన్లు.

   మూడోది పింగ్, మిల్లీసెకన్లలో ఉంటుంది. మనం పంపింది వెళ్లి జవాబు తిరిగొచ్చే సమయం అది. 50 లోపుంటే హాయి. 100 దాటి అటూ ఇటూ ఊగుతుంటే వీడియో కాల్‌లో ఒకరి మాట మీద ఒకరి మాట పడుతుంది.

   యాప్ తనంతట తానే ఒక సర్వరును ఎంచుకుంటుంది. ఒకసారి చెన్నై, ఒకసారి బెంగళూరు అయితే పోలిక కుదరదు. సర్వరు మార్చుకునే వీలుంటే మొదటిరోజే ఒకటి పెట్టుకుని దాన్నే కొనసాగిద్దాం.

6. ఒకే చోట మూడు వేళల్లో కొలుద్దాం: తెల్లవారుజామున, మధ్యాహ్నం, రాత్రి 8 నుంచి 10 మధ్య. షిఫ్టులు దిగి అందరూ ఇళ్లకు చేరి ఫోన్లు తీసే వేళ అది. పొద్దున 60 వచ్చిన చోట రాత్రి 4 రావచ్చు. మన నిర్ణయానికి ఆధారం రాత్రి అంకే. కరెంటు పోయినప్పుడు కూడా ఒకసారి తప్పకుండా చూడండి. టవరు బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో అప్పుడే బయటపడుతుంది.

7. ఇక దారి. హోసూరు బస్టాండుకో, సిప్‌కాట్‌కో, డెంకణికోట వైపో, జూజువాడి దాటి ఎలక్ట్రానిక్ సిటీకో, మనం రోజూ వెళ్లే దారిలోనే చూద్దాం. బస్సులో కూర్చుని స్పీడ్‌టెస్ట్ నొక్కుతూ పోవడం దండగ. ఎవరికైనా ఒక మామూలు కాల్ చేసి మాట్లాడుతూ వెళ్దాం. ఎక్కడ గొంతు తెగిందో, ఎక్కడ కాల్ కట్ అయిందో గుర్తుపెట్టుకుని దిగాక రాసుకుందాం. బండి నడిపేవాళ్లు ఈ పని చేయొద్దు, వెనక కూర్చున్నవాళ్లకు అప్పగించండి.

8. చివరిది, అన్నిటికన్నా పనికొచ్చేది: అసలు పనులు చేసి చూడటం. కిరాణా కొట్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పది రూపాయలు పంపుదాం. వెంటనే టిక్కు పడిందా, లేక గుండ్రంగా తిరుగుతుంటే కొట్టాయన "వచ్చిందా అన్నా?" అని అడుగుతూ నిలబడ్డాడా? పది నిమిషాల వీడియో కాల్ చేద్దాం. పిల్లల క్లాసు ఒకటి పూర్తిగా ఈ సిమ్ మీదే నడిపిద్దాం. "పని అయింది", "ఆలస్యం", "కాలేదు" అని మూడు మాటల్లో రాస్తే చాలు.

ఇలా కనీసం రెండు వారాలు, మధ్యలో ఆదివారాలు కలిసేలా చేద్దాం. పక్కవాళ్ల అభిప్రాయాలు కూడా పుస్తకంలో చేర్చుకోవచ్చు. అయితే "ఎలా ఉంది?" అని అడగొద్దు. ఏ ఫోను, ఇంట్లో ఏ గది, ఏ వేళ, ఏ ప్యాకు అని అడగండి. ఆ నాలుగూ తెలిస్తే "సూపర్" అన్నవాళ్ల మాటా, "వేస్ట్" అన్నవాళ్ల మాటా రెండూ పనికొస్తాయి.

తరచుగా జరిగే పొరపాట్లు

స్పీడ్‌టెస్ట్ డేటా తినదని అనుకోవడం మొదటిది. 5జీలో 300 ఎంబీపీఎస్ వేగంతో పది సెకన్లు కొలిస్తే ఒక్క డౌన్‌లోడ్‌కే 375 ఎంబీ ఖర్చవుతుంది. అన్‌లిమిటెడ్ 5జీ వర్తించని చోట, రోజుకు 2 జీబీ ప్యాకులో ఐదారుసార్లు నొక్కితే కోటా అయిపోతుంది, వేగం పాతాళానికి పడిపోతుంది. ఆ తర్వాత కొలిచి "సాయంత్రం నెట్ రావట్లేదు" అని రాసుకుంటే ఆ తప్పు సర్వీసుది కాదు.

పైన 5జీ అని కనిపించగానే 5జీ వచ్చేసిందని నమ్మడం ఇంకోటి. కొన్ని కంపెనీల 5జీ, 4జీని ఆసరా చేసుకుని నడుస్తుంది. అలాంటి చోట గుర్తు 5జీ చూపిస్తున్నా డేటా 4జీ మీదే రావచ్చు. పైగా 2024 జూలైలో రేట్లు పెరిగాక జియో, ఎయిర్‌టెల్‌లలో అన్‌లిమిటెడ్ 5జీ రోజుకు 2 జీబీ, అంతకు పైబడిన ప్యాకులకే ఇస్తున్నారు. చిన్న ప్యాకు వేసి 5జీ కోసం ఎదురుచూడొద్దు.

కొత్త సిమ్ వేయగానే వాట్సాప్ నంబరు మార్చేయకండి. పాత నంబరుతోనే ఉంచితే అది కొత్త సిమ్ డేటా మీద చక్కగా నడుస్తుంది. యూపీఐ కూడా అంతే. బ్యాంకులో ఉన్న పాత సిమ్ ఫోనులో ఉండాలి, డేటా దేనిదైనా ఫరవాలేదు.

అన్నిటికన్నా ప్రమాదం, పరీక్ష కోసం కొన్న నంబరును బ్యాంకుకో, ఆధార్‌కో, గ్యాస్ బుక్కింగ్‌కో ఇవ్వడం. వాడటం మానేసిన సిమ్ కొన్ని నెలలకు రద్దయి, ఆ నంబరు ఇంకొకరి చేతికి వెళుతుంది. మన ఓటీపీలు వాళ్లకు వెళతాయి.

నచ్చితే నంబరు మార్చుకోవడం

నోటు పుస్తకంలో రాత్రి వేళ "పని అయింది"లు ఎక్కువగా ఉంటే ముందుకు వెళ్దాం. పాత నంబరు నుంచి ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో పోర్ట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, మన పది అంకెల నంబరు రాసి 1900కు మెసేజ్ పంపాలి. ఎనిమిది అక్షరాల యూపీసీ కోడ్ వస్తుంది. మన దగ్గర అది నాలుగు రోజులే చెల్లుతుంది కాబట్టి, దుకాణానికి వెళ్లే వీలున్న రోజునే తెప్పించుకుందాం. 2024 జూలై 1 నుంచి వచ్చిన నిబంధన ప్రకారం, సిమ్ పోయి డూప్లికేట్ తీసుకున్నవాళ్లకు ఏడు రోజుల దాకా ఈ కోడ్ ఇవ్వరు.

తమిళనాడు నంబరైతే మూడు పనిదినాలు పడుతుంది. బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు కొన్న కర్ణాటక నంబరును ఇక్కడికి తెచ్చుకోవాలంటే ఐదు. మార్పిడి సాధారణంగా రాత్రిపూట జరుగుతుంది, కొన్ని గంటలు ఫోను పలకదు. పాత సిమ్‌లో మిగిలిన బ్యాలెన్సూ, ప్యాకూ వెంట రావు. అందుకే ప్యాకు అయిపోవచ్చే రోజుల్లో పోర్టు పెట్టుకుంటే డబ్బు కలిసివస్తుంది.

కోడ్ కోసం మెసేజ్ పంపేముందు నోటు పుస్తకం ఇంకోసారి తిరగేయండి. ఒకసారి మారాక 90 రోజుల దాకా ఇంకో కంపెనీకి వెళ్లడానికి వీల్లేదు.