ఛాయ్ ఒలకకముందే కాగితం వేరు చేయండి: రామకృష్ణాపూర్ ఆఫీసులకు చిట్కాలు

రామకృష్ణాపూర్‌లో సర్కారు ఆఫీసంటే ముందుగా గుర్తొచ్చేది సింగరేణే. గని ఆఫీసు, ఏరియా ఆస్పత్రి, ఆ తర్వాత క్యాతన్‌పల్లి మున్సిపాలిటీ. రోజూ వందల మంది వచ్చిపోయే ఈ చోట్ల చెత్త తగ్గించడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు.

1. టేబుల్ కింద బుట్టలో కాగితం తప్ప మరేదీ పడనివ్వకండి. ఛాయ్ కప్పు, టిఫిన్ పొట్లం, అరటితొక్క వేయడానికి వరండాలో మూత ఉన్న డబ్బా పెట్టండి. పొడి కాగితాన్ని పాత సామాన్లవాళ్లు తూకానికి కొంటారు. ఛాయ్ ఒలికిన కాగితాన్ని ఎవరూ ముట్టరు. ఊడ్చే అక్క సాయంత్రం వేరు చేస్తుందిలే అనుకోవడం అన్యాయం, మన ఎంగిలిలో ఆమె ఎందుకు చెయ్యి పెట్టాలి? చెత్త పుట్టిన చోటే తడి, పొడి వేరు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు.

2. పేపర్ కప్పును కాగితాల్లో కలపొద్దు. దాని లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. స్టీలు గ్లాసులు తెచ్చుకోండి. ఎవరి గ్లాసు వాళ్లు కడుక్కుంటే అటెండర్ మీద భారం పడదు.

3. పాత ఫైళ్లు అమ్మే ముందు ఆగండి. మా ప్రాంతంలో ఇది అన్నిటికంటే ముఖ్యం. మస్టర్ రిజిస్టరు, సర్వీసు పుస్తకం, సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల భవిష్యనిధి) కాగితాలు చూడటానికి చిత్తులాగే ఉంటాయి. కానీ దిగిపోయిన కార్మికుడి పింఛను, ఆయన పోయాక భార్యకు రావాల్సింది, కొడుకు ఉద్యోగం అలాంటి ఒక్క కాగితం మీదే ఆగి ఉండొచ్చు. ఏ రికార్డు ఎన్నేళ్లు ఉంచాలో చూసి, అధికారి రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే బయటికి పంపండి. పంపేవాటిలో ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులుంటే ముందు ముక్కలు చేయండి. ఒకరి వివరాలు మిర్చి బజ్జీల పొట్లమై ఊరంతా తిరగకూడదు.

4. ప్రింటర్‌ను రెండువైపులా అచ్చయ్యేలా సెట్ చేసి వదిలేయండి. ఒకవైపు ఖాళీగా ఉన్నవాటిని కుట్టి చిత్తు ప్యాడ్లుగా వాడుకోండి.

5. ఫ్లెక్సీలు మానండి. నెలాఖరున పదవీ విరమణ సన్మానాలు, డిసెంబర్ 23న సింగరేణి దినోత్సవం, ప్రతిదానికీ కొత్త ఫ్లెక్సీ కడుతున్నాం, మర్నాడు చింపేస్తున్నాం. తేదీ, పేరు రాయని గుడ్డ బ్యానర్ ఒకటి కుట్టిస్తే ఏళ్ల తరబడి పనికొస్తుంది. పేరు బోర్డు మీద సుద్దముక్కతో రాస్తే చాలు. వంద మైక్రాన్లకన్నా పల్చటి పీవీసీ బ్యానర్లు, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. సన్మానం చేసేది సర్కారు ఆఫీసే అయినప్పుడు ఆ నిబంధన అక్కడే తప్పితే ఎలా?

6. ఆవరణలో రాలిన వేప, కానుగ ఆకులకు నిప్పు పెట్టొద్దు. బొగ్గు దుమ్ము పీల్చే ఊరికి ఆ పొగ కూడా ఎందుకు? ఓ మూల గుంత తీసి ఆకులు, వాడిన టీపొడి, కూరగాయల తొక్కలు పొరలుగా వేసి తడుపుతూ, అప్పుడప్పుడు తిరగేస్తుంటే కొన్ని నెలలకు మొక్కలకు ఎరువవుతుంది. క్వార్టర్లలోనూ ఇదే పద్ధతి. బొగ్గుపొయ్యి బూడిద మాత్రం అందులో పోయొద్దు, దానిలో హానికర లోహాలుంటాయి.

7. కాలిపోయిన ట్యూబ్‌లైట్లను పగలగొట్టొద్దు, లోపల పాదరసం ఉంటుంది. సెల్స్, పాత కీబోర్డులు, బ్యాటరీలు విడిగా పెట్టెలో దాచి, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇప్పించండి.

8. ఆస్పత్రిలో పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాలు వైద్య వ్యర్థాలకే. ఓపీ చీటీలు, పండ్ల తొక్కలు అందులో పడకుండా సందర్శకుల బెంచీల పక్కనే వేరే డబ్బాలు ఉండాలి.

9. అమ్మిన చిత్తుకు తూకం చీటీ, రసీదు తప్పనిసరి. సొమ్ము ఆఫీసు లెక్కలోకి రావాలి. ఏ నెల ఎన్ని కిలోల చిత్తు పోయిందో నోటీసు బోర్డుకు అంటించండి.