పాత దస్త్రములలో పూర్వుల జాడ
(ఇనాం రిజిస్టరును చదువు విధము)

తాత పేరు ఎల్లరకును తెలియును. ముత్తాత పేరు కొందరికి తెలియును. అంతకు పైవారిని గూర్చి అడిగినచో పెక్కు ఇండ్లలో లభించు సమాధానమొక్కటే: “వారు పాళెగాండ్ల కాలమునాటివారు, పెద్ద ఇనాందారులు.” ఆ మాట నిజము కావచ్చును, కాకపోవచ్చును. దానిని పరీక్షించి తెలిసికొను మార్గము మాత్రము కలదు. కంపెనీవారును, పిదప ఇంగ్లీషు ప్రభుత్వమువారును శిస్తు కొఱకు వ్రాయించిన దస్త్రములే ఆ మార్గము. వాటిని మన పూర్వుల కీర్తి కొఱకు ఎవరును వ్రాయలేదు. కనుకనే వాటికి విలువ హెచ్చు. ఈ పాఠము పూర్వపు మద్రాసు రాజధానిలోని గ్రామములకు, ముఖ్యముగా రాయలసీమకు సంబంధించినది. నిజాం రాజ్యములోని గ్రామముల దస్త్రముల పద్ధతి వేఱు.

మొదటి మెట్టు ఇల్లు. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెను గాని, ఏదో ఒక ప్రసిద్ధ పురుషుని పట్టుకొని క్రిందికి దిగిరారాదు. ఇంటిలోని పాత పట్టాలు, క్రయపత్రములు, శిస్తు రసీదులు, పెట్టె అడుగున పడియున్న కోర్టు నకళ్లు మొదట వెలికి తీయవలెను. ఇంటి పెద్దలను ఒక్కొక్కరిగా అడిగి పేరు, తండ్రి పేరు, గ్రామము, పొలము పేరు వ్రాసికొనవలెను. పొలము పేరును చిన్నచూపు చూడరాదు. మనుష్యుల పేర్లు మాఱినను “మఠము మాన్యము” వంటి పేర్లు తరతరములు నిలుచును.

రెండవ మెట్టు ఊరి చిరునామా. ఊరు కదలదు, జిల్లా మాఱుచుండును. 1800లో నిజాము కంపెనీకి ఇచ్చివేసిన ప్రాంతమే దత్తమండలము. 1882లో బళ్లారి జిల్లానుండి అనంతపురం జిల్లా వేఱుపడినది. 2022లో అనంతపురం జిల్లానుండి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినది. కనుక నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనున్న పెనుకొండ, మడకశిర ప్రాంతపు కుటుంబము 1882కు పూర్వపు దస్త్రములను బళ్లారి జిల్లా పేరుతో వెదకవలెను. ఈ సంగతి తెలియక “మా ఊరి కాగితములే లేవు” అని నిరాశతో తిరిగివచ్చుట కద్దు.

మూడవ మెట్టు ఇనాం రిజిస్టరు. 1858లో మద్రాసు ప్రభుత్వము ఇనాం కమీషనును నియమించెను. జి. ఎన్. టేలరు దాని మొదటి కమీషనరు. శిస్తు లేకయో, స్వల్పమైన శిస్తుతోనో అనుభవింపబడుచున్న భూములకు గల హక్కులను విచారించుట ఆ కమీషను పని. ఆ విచారణ ఫలితము గ్రామముల వారీగా రిజిస్టరులలోనికి ఎక్కినది. అందు భూమి విస్తీర్ణము, ఇనాము స్వభావము, ఇచ్చిన ప్రభువు పేరు, మొదట పొందినవాని పేరు, నాటి అనుభవదారుని పేరు, వయస్సు, నివాసము కనబడును. అన్నిటికంటె ముఖ్యమైన గడి, మొదట పొందినవానికిని నాటి అనుభవదారునకును గల సంబంధము. ఈ గడి నింపబడియున్నచోట ఒక్క పంక్తిలోనే రెండు మూడు తరములు దొరకును. మఠముల ఇనాములలో సంబంధము రక్తముచేత గాక గురుశిష్య క్రమముచేత వచ్చుట కద్దు. అట్టిచోట శిష్యుని పుత్రునిగా భ్రమింపరాదు.

ఇనాము స్వభావమును గూడ జాగ్రత్తగా చదువవలెను. వ్యక్తికిచ్చిన ఇనాము వేఱు. దేవాలయమునకో, మఠమునకో, ధర్మమునకో ఇచ్చినది వేఱు. రెండవ దానిలో అనుభవదారుడు సేవ చేయువాడే గాని యజమాని కాడు. 1919లో ప్రివీ కౌన్సిలు ఇనాం రిజిస్టరునకు సాక్ష్యముగా అత్యధికమైన విలువ నీయవలెనని ఒక తీర్పులో చెప్పినది. 1956 నాటి ఇనాముల రద్దు చట్టము పిమ్మటను ఈ భేదము వ్యాజ్యములలో ముఖ్యమైనదిగానే యున్నది. కావున పూర్వుల జాడకై తెఱచిన పుట మఠము ఆస్తికి రక్ష కావచ్చును. కొన్నియెడల కుటుంబము ఆశకు విరుద్ధము కావచ్చును.

ఈ దస్త్రములలో ఫసలీ సంవత్సరములు వచ్చును. ఫసలీకి 590 కలిపినచో, ఆ ఫసలీ ప్రారంభమైన క్రీస్తు సంవత్సరము వచ్చును. ఫసలీ 1271 అనగా 1861 జూలై 1 మొదలు 1862 జూన్ 30 వఱకు. ఆ ఫసలీలో 40 ఏండ్లవాడని వ్రాయబడిన పురుషుడు సుమారు 1821లో పుట్టియుండును. ఆనాటి వయస్సులు అంచనాలే గనుక అయిదాఱేండ్ల తేడాను అనుమతింపవలెను.

ఇక పేరు కలియుటచేతనే పూర్వుడు దొరికెనని నిశ్చయింపరాదు. మనలో తాత పేరు మనుమనికి పెట్టు ఆచారము కలదు. బసవయ్య కుమారుడు వీరయ్య, వీరయ్య కుమారుడు మరల బసవయ్య. ఒక్క ఊరిలోనే ముగ్గురు వీరయ్యలుండవచ్చును. ఇంటిపేరు దస్త్రములలో తఱచుగా కనబడదు. ఇట్టి యెడల భూమియే సాక్షి. ఇంటిలోని 1895 నాటి క్రయపత్రములో వీరయ్య కుమారుడు బసవయ్య ఉన్నాడనుకొందము. రిజిస్టరులోని వీరయ్యయు అతని తండ్రియు ఒక్కడేనా అని తేల్చుటకు ఆ పొలము సంఖ్యను, హద్దులను పోల్చవలెను. సర్వే జరిగినపుడు పాత పైమాషీ సంఖ్యలు మాఱినవి. సెటిల్మెంటు రిజిస్టరులు, డైగ్లాటులు ఆ రెంటికిని వంతెన వంటివి.

జనాభా లెక్కలపై ఆశ పెట్టుకొనరాదు. 1871 మొదలు లెక్కలు జరిగినను ఇంటింటి ఫారములు భద్రపఱుపబడలేదు, మొత్తములే మిగిలినవి. ఇనాము లేని కుటుంబములు 1864 నాటి చట్టము తరువాతి రిజిస్ట్రేషను పత్రములను, కోర్టు దస్త్రములను చూడవలెను. 1876–78 నాటి ధాతు కరువులో పెక్కు కుటుంబములు ఊళ్లు విడిచినవి. ఆ కాలమున ఒక పేరు మాయమైనచో వంశము అంతరించెనని యనక, పొరుగు తాలూకాలలో వెదకవలెను. ఈ కాగితములలో స్త్రీల పేర్లు చాల అరుదు. వారి పేర్లు ఇంటి పెద్దల నోటనే నిలిచియున్నవి గనుక వాటిని ముందుగా వ్రాసికొనవలెను.

దస్త్రములకై మొదట జిల్లా కలెక్టరు కార్యాలయపు రికార్డు గదిలో నకలుకు దరఖాస్తు చేయవలెను. పిదప హైదరాబాదు తార్నాకలోను, చెన్నై ఎగ్మూరులోను గల ప్రభుత్వ అభిలేఖాగారములున్నవి. 1984లో వంశపారంపర్య కరణీకములు రద్దయినవి. కరణముల ఇండ్లలో నిలిచిపోయిన కవిలెలు చెదలపాలు కాకముందే చూచుట మంచిది.

చివరి మెట్టు మనస్సునకు సంబంధించినది. వెదకినవారికి ఇనాందారుడు గాక కూలివాడు దొరకవచ్చును, సాలెవాడు దొరకవచ్చును, హక్కు చాలదని తిరస్కరింపబడిన దరఖాస్తుదారుడు దొరకవచ్చును. అట్టి పుటను దాచి, లేని గొప్పను వ్రాసికొనుట పూర్వునకు చేసిన గౌరవము కాదు. కాయకమే కైలాసమని నమ్మిన సంప్రదాయమున పుట్టినవారికి తమ ముత్తాత చేతిపనివాడని తెలియుట తలవంపు కాదు. దొరికినది దొరికినట్లు, ఏ దస్త్రములో ఏ పుటలో దొరికినదో సహా వ్రాసి, ఒక ప్రతి ఇంటను, ఒక ప్రతి మఠమునను ఉంచవలెను. తెలియనిచోట గడిని ఖాళీగా విడువవలెను. ఖాళీ గడిని రాబోవు తరమువారు నింపుకొనగలరు. అబద్ధముతో నిండిన గడిని దిద్దువారెవరు?